మిట్టబీడు నుంచి కారడవి దాకా

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. దగ్గరి గుట్టల సంగతి మాత్రం ఏ సామెతా చెప్పినట్టు లేదు. వాటివైపు ఎవరూ చూడరు కాబోలు!

కళాశాలలో చేరిన కొత్తలో "మీదే ఊరు?" అని అడిగిన మిత్రులకు "జనగామ పక్కన" అని చెబితే చాలు, "అబ్బ, అక్కడేముంది? రాళ్ళూ రప్పలేగా!" అనేవారు. భూపాలపల్లి నుంచి వచ్చిన మిత్రుడు "మాది అడవి" అని రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. మానుకోట మిత్రుడు (మహబూబాబాదును మేమంతా అలాగే పిలుస్తాం) మా ఇద్దరి నడుమ "మాది సగం రాయి, సగం అడవి" అని నవ్వేవాడు. ఆ మాటల్లో నాకు కొంత చిన్నతనం తోచేది. అడవి ఉన్నవాడు సంపన్నుడు, బీడు ఉన్నవాడు పేదవాడు అన్న లెక్క మా అందరి మనసుల్లోనూ ఉండేది.

ఆ లెక్క తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లాలుగా ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి అంతకుముందు మూడూ చాలావరకు పాత వరంగల్లు జిల్లాలోని భాగాలే. పటంలో గీతలు మారాయి కాని నేల మారలేదు. ఒక చివర చెట్టులేని మిట్ట, మరో చివర టేకు అడవి, నడుమ రెండూ కలిసిన సీమ. ఈ మూడూ ఒకే ఇంటి మూడు గదుల్లాంటివి. ఒక గది పాడుబడితే మిగతా రెండు గదులూ ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఆ ఇంటిని ఒక కొస నుంచి మరో కొసదాకా నడిచి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏది ఎత్తు, ఏది పల్లం?

అడవి అనగానే కొండలు, కొండలు అనగానే ఎత్తు అని మన అలవాటు. ఇక్కడ ఆ అలవాటు తలకిందులవుతుంది. జనగామ పట్నం సముద్రమట్టానికి సుమారు 380 మీటర్ల ఎత్తున ఉంది. భూపాలపల్లి జిల్లాలో గోదావరిమీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీకి నిర్ణయించిన పూర్తి నీటిమట్టం 100 మీటర్లు. అంటే, "రాళ్ళూ రప్పలు" అనిపించుకున్న జనగామే అసలైన ఎత్తుసీమ! మనం హనుమకొండ మీదుగా పరకాల, రేగొండ దాటి భూపాలపల్లి అడవికి బస్సులో పోతున్నామంటే, తెలియకుండానే మెట్టు మెట్టుగా కిందికి దిగుతున్నామన్నమాట.

వాన లెక్క దీనికి ఎదురు. జనగామలో ఏడాదికి ఎనిమిది తొమ్మిది వందల మిల్లీమీటర్లు పడితే గొప్ప. గోదావరి వైపు పోయినకొద్దీ అది వెయ్యి దాటుతుంది. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. జనగామలో మూడు వంతుల ఏడాదికి సరిపోయే వాన అది. మర్నాడు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తింది.

పడిన నీళ్ళు కూడా రెండు దారులు పడతాయి. ఆకేరు వెళ్ళి మున్నేరులో కలుస్తుంది. పాకాల దగ్గర పుట్టే ఆ మున్నేరు కృష్ణలో కలుస్తుంది. భూపాలపల్లి, ములుగు వైపు వాగులు మాత్రం గోదావరికి చేరతాయి. ఇంట్లో చూరు నీళ్ళు కొన్ని వాకిట్లోకి, కొన్ని పెరట్లోకి పోయినట్టు, మన సీమ రెండు మహానదులకూ నీళ్ళు పంచిపెడుతుంది.

మూడు రాళ్ళ కథ

ఎక్కడ ఏ చెట్టు మొలవాలో చాలావరకు నిర్ణయించేది రాయి. ఈ మూడు జిల్లాల్లో మూడు రకాల రాళ్ళున్నాయి.

జనగామది నల్లరాయి, అంటే గ్రానైటు జాతి. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో కరిగిన ముద్ద మెల్లగా చల్లారి గట్టిపడితే, పైనున్న మట్టి కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయి అది బయటపడింది. ఎండకు ఉబ్బి, చలికి ముడుచుకుని, ఉల్లిపొరల్లా పెచ్చులూడి గుండ్రపడింది. అందుకే మన గుట్టలమీద ఏదో రాక్షసుడు గోళీలాడి వదిలేసినట్టు గుండుమీద గుండు నిలబడి ఉంటుంది. ఈ రాయి అరిగితే వచ్చేది ఎర్ర చెల్క. చాలాచోట్ల జానెడు మూరెడు లోతు తవ్వితే మళ్ళీ బండ తగులుతుంది.

మానుకోటకు తూర్పున రాయి మారుతుంది. అక్కడివి పూర్వపు సముద్రాల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాళ్ళు, నూరు కోట్ల ఏళ్ళకు పైబడినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటికి పెట్టిన పేరేమిటో తెలుసా? పాకాల శిలలు! మన పాకాల చెరువు పేరు ప్రపంచంలోని భూగర్భశాస్త్ర గ్రంథాలకు అలా ఎక్కింది.

ఇక భూపాలపల్లి కింద ఉన్నది బొగ్గు. మన దేశం ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉన్న రోజుల్లో, పాతిక ముప్పై కోట్ల ఏళ్ళ కిందట, చిత్తడి అడవులు పూడిపోయి బొగ్గయ్యాయి. సింగరేణి వాళ్ళు ఇవాళ తవ్వి తీస్తున్నది ఆ అడవినే. భూపాలపల్లిలో అడవిమీద అడవి ఉందంటే అతిశయోక్తి కాదు! ఇక్కడి ఇసుకరాతి నేల లోతైనది, నీరు కిందికి ఇంకుతుంది. టేకుకు కావలసిందదే. జానెడు చెల్కమీద టేకు వనం పెరగలేదు, పెరగనందుకు ఆ చెల్క తప్పేమీ లేదు.

మిట్టబీడులో ఏముంది?

చెట్టు చిగురు కొమ్మ కొసన ఉంటుంది. మేక కొరికితే, మంట తగిలితే పైకి పెరగడం ఆగిపోతుంది. గడ్డి చిగురు నేలకు ఆనుకుని మొదట్లో ఉంటుంది. పైన ఎంత మేసినా, కాలినా మళ్ళీ లేస్తుంది. పైగా జానెడు మట్టిలో నాలుగు చినుకులు పడగానే ముందు తాగేది గడ్డి వేళ్ళే. కాబట్టి పలచని నేల, తక్కువ వాన, మేసే జీవాలు ఉన్నచోట గడ్డిదే రాజ్యం. అక్కడక్కడా తట్టుకుని నిలిచేవి తంగేడు, పరికి, రేగు, బలుసు, కలె, సీతాఫలం, ఈత, జమ్మి.

రోహిణి ఎండల్లో ఈ మిట్ట చచ్చినట్టే పడి ఉంటుంది. బండమీద చెయ్యి పెట్టలేం. మృగశిర చినుకు పడిన వారానికి ఆరుద్ర పురుగులు ఎర్ర మఖమలు గుండీల్లా నేలమీద నడుస్తాయి. బండల గుంటల్లో నిలిచిన నీళ్ళలో కప్పలు గుడ్లు పెడతాయి. ఆ నీళ్ళు ఎండేలోపలే తోకకప్పలు కాళ్ళు తెచ్చుకుని బయటపడాలి, అదొక పరుగు పందెం! గుండ్లమీద ఎండ కాచుకునే బండతొండ మగదైతే జతకట్టే రోజుల్లో ఎర్రరంగు పూసుకుంటుంది. తీతువు పిట్ట గూడు కట్టదు. వట్టి నేలమీద, రాళ్ళలో రాళ్ళలా కనిపించే గుడ్లు పెట్టి, మనం దగ్గరికి పోతే నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది. పూరేళ్ళు, కౌజులు గడ్డిలోంచి బుర్రుమని లేస్తాయి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే ఒక జాతి గద్దలు గడ్డికి మూరెడు ఎత్తున తేలిపోతూ ఎలుకల్నీ మిడతల్నీ వేటాడతాయి. కుందేలు, ఉడుము, ముంగిస, గుంటనక్క ఇక్కడి కాపురస్తులు. గుట్ట సందుల్లో ఎలుగు, చిరుత కూడా ఉండవచ్చు. వీటన్నిటికీ పైన, ఈ సీమకు పెద్ద వేటగాడు తోడేలు.

తోడేలు మాట వచ్చింది కాబట్టి, మా ఊరి మిట్టమీద ఒక కురుమ తాతతో జరిగిన సంభాషణ చెప్పాలి. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, ముందర నూరు దాకా గొర్లు.

"తాతా, తోడేలు గొర్రెను ఎత్తుకుపోతే కోపం రాదా?" అన్నాను.

"రాకేం బిడ్డా, తిడత, ఉరుకుత. గని అది గూడ బతకాలె గద. అది ఉన్నన్ని దినాలు పందులు గింత లేకుండె. ఇప్పుడు తోడేలు పోయె, పందులు ముల్లె. చేన్లన్ని నాశనం."

"మరి ఈ బీడంతా పోతే?"

"పోతే నా మంద ఏడికి పోవాలె? ఎండకాలం మా నాయిన మందనిడిశి గోదావరి అడివి దాక కొట్టుకపోతుండె. ఆడ ఆకు అలం, వానకాలం ఈడ గడ్డి. ఆడిది ఈడిది ఒక్కటే బిడ్డా."

బీడూ అడవీ ఒకటేనని నాకు మొదట చెప్పింది ఏ పుస్తకమూ కాదు, ఆ తాతే. గొర్రెల కాళ్ళు వందల ఏళ్ళుగా ఆ రెంటినీ కలిపి కుట్టాయి.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. సద్దుల బతుకమ్మ నాడు మన అక్కచెల్లెళ్ళు పేర్చే పూలు ఎక్కడివి? గునుగు, తంగేడు రెండూ బీడు పూలు, చేని గట్ల పూలు. 2014లో తెలంగాణకు ప్రకటించిన రాష్ట్ర చిహ్నాలు చూడండి: తంగేడు పువ్వు, జమ్మి చెట్టు, పాలపిట్ట, జింక. మొదటి మూడూ ఎండ పడే బయలు నేలవే. దసరానాడు పాలపిట్టను చూడటానికి మనం కారడవికి పోతామా? ఊరి బయట చేన్లలోకే పోతాం! నాలుగోదైన మచ్చల జింక కూడా అడవి అంచున, గడ్డీ నీడా పక్కపక్కన ఉన్నచోటే మందకడుతుంది. మన చిహ్నాల్ని మనం బీడు నుంచే ఏరుకున్నాం, ఆ తర్వాత ఆ బీడునే పనికిరాని నేల అంటున్నాం.

ఇంగ్లండు బీడు

ఇంగ్లీషు సాహిత్యం చదివే మిత్రులకు డార్ట్‌మూర్ పేరు తెలిసే ఉంటుంది. 1902లో పుస్తకంగా వచ్చిన కోనన్ డాయిల్ నవల "ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్" జరిగేది అక్కడే. అదీ గ్రానైటు మిట్టే. అక్కడా గుండుమీద గుండు నిలిచిన గుట్టలు, గడ్డి, ముళ్ళపొదలు, గొర్రెలు. తేడా అల్లా, అక్కడ చలి, ఎడతెగని తుంపర, తడిసి నల్లబడిన పీటు నేల. ఇక్కడ ఎండ, చెల్క. దాని శిఖరం 621 మీటర్లు. రాతి వయసు చూస్తే మాత్రం వాళ్ళది సుమారు 28 కోట్ల ఏళ్ళు, మన జనగామ బండ ముందు పసిపిల్ల!

ఆ డార్ట్‌మూర్ ఒకప్పుడు చాలావరకు అడవి. వేల ఏళ్ళ కిందట మనుషులు నరికి, కాల్చి, పశువుల్ని మేపి దాన్ని బయలు చేశారు. అయినా ఇవాళ ఇంగ్లండువాళ్ళు దాన్ని పనికిరాని నేల అనలేదు. 1951లో జాతీయ పార్కుగా ప్రకటించి, మేత కొనసాగిస్తూనే కాపాడుకుంటున్నారు. మన దక్కను బీళ్ళలో చాలాభాగం మనిషి చెట్లు నరికినందువల్ల కాక, రాయి, వాన, మేత కలిసి చేసినందువల్ల బయళ్ళయ్యాయి. వాళ్ళు మనిషి చేసిన బీడును కాపాడుకుంటుంటే, మనం ప్రకృతి ఇచ్చిన బీడును కాదంటున్నాం. ఇది ఆలోచించవలసిన సంగతి.

మానుకోట: అంచుల సీమ

జనగామ నుంచి తూర్పుకు, ఆకేరు వెంట దిగితే మానుకోట. మొదట పత్తి, మిరప చేన్లు, నడుమ నడుమ గ్రానైటు గుట్టలు. గూడూరు దాటి కొత్తగూడ, గంగారం వైపు పోతుంటే గుట్టలు చెట్లను కప్పుకోవడం మొదలుపెడతాయి.

ఈ సీమకు ప్రాణం కాకతీయుల చెరువులు. గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్ది తొలి ఏళ్ళలో, గుట్టల నడుమ కట్ట వేసి పాకాల చెరువును నిర్మించారు. చెరువు ఇప్పుడు వరంగల్లు జిల్లాలోకి వచ్చినా, దాని పేర ఉన్న అభయారణ్యం మహబూబాబాదు అడవుల్లోకి పరచుకుని ఉంది. దాని విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్లకు పైమాటే. బయ్యారం చెరువు కథ ఇంకా ముచ్చటైనది. దాన్ని తవ్వించింది గణపతిదేవుని చెల్లెలు మైలమ. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఆ చెరువు శాసనం పెద్ద ఆధారం. చెరువు తవ్వింది మనుషుల కోసమే, కాని ఏడు వందల ఏళ్ళకు పైగా ఆ నీళ్ళు తాగినవాళ్ళలో కణుజులు, అడవిదున్నలు, ఎలుగులు, చిరుతలు కూడా ఉన్నాయి. పాకాలలో మొసళ్ళు ఎండ కాగుతాయి. గూడూరు మండలంలో భీమునిపాదం జలపాతం వానాకాలమంతా అడవి నీళ్ళను గుట్టమీంచి జారవిడుస్తుంది.

అంచుల సీమలో మేలూ కీడూ రెండూ ఎక్కువే. అడవీ బయలూ కలిసేచోట రెండు రకాల జీవాలూ దొరుకుతాయి. మనుబోతు పగలు పొదల్లో ఉండి సాయంత్రం చేన్లకు దిగుతుంది. దుప్పి గడ్డి మేసి, అలికిడైతే అడవిలోకి దూకుతుంది. మనుషులకూ అది అంచే. కోయలు, నాయకపోళ్ళు, లంబాడీలు తరాలుగా అడవి అంచున పోడు చేసుకుని బతుకుతున్నారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. తెలంగాణలో 2023 జూన్ చివర మళ్ళీ పెద్దయెత్తున పోడు పట్టాలిచ్చారు. పట్టా వచ్చినవారి కళ్ళలో వెలుగు నిజం, రానివారి గోడూ నిజమే. అడవిని కాపాడటమంటే అడవిలో ఉన్నవాణ్ణి వెళ్ళగొట్టడమని అనుకున్నన్నాళ్ళు ఈ చిక్కు విడదు. ఏ చెట్టుకు ఏ కాలంలో ఏం కాస్తుందో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

భూపాలపల్లి: చెట్ల రాజ్యం

రేగొండ దగ్గర పాండవుల గుట్టలు వస్తాయి. నిట్టనిలువు ఇసుకరాతి గోడలు, వాటి కింద మనిషి తలదాచుకునే గుహలు. 1990లో ఇక్కడ ఆదిమానవుల రాతి చిత్రాలు బయటపడ్డాయి. ఎరుపు రంగుతో వేసిన అడవిదున్న, జింకజాతి జంతువులు, పులి, చిరుత అందులో ఉన్నాయి. అంటే ఈ అడవిలో జంతువుల పట్టికను మొట్టమొదట రాసిపెట్టినవాడు ఏ ప్రభుత్వ ఉద్యోగీ కాదు, పేరు తెలియని ఆ వేటగాడే! అతడు గీసిన జంతువుల్లో చాలాభాగం ఈ సీమలో ఇంకా బతికే ఉండటం మన అదృష్టం.

అక్కడినుంచి కాటారం, మహాదేవపూరు మీదుగా కాళేశ్వరం దాకా టేకు అడవి. టేకుతోపాటు నల్లమద్ది, సిరిమాను, బిల్లుడు, ఏగి, మొర్రి, సండ్ర, తునికి, ఇప్ప, కంక వెదురు. ఇది ఆకురాల్చే అడవి. మాఘ ఫాల్గుణాల్లో చెట్లు ఆకు రాల్చేది జబ్బు చేసికాదు, నీటి పొదుపు కోసం. ఆకు ఉంటే దాని రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతుంది. ఆకు రాలిన అడవిలో మోదుగు నిప్పులా పూస్తుంది.

ఆ తరువాత ఇప్పపూల కాలం. పువ్వు రాత్రి రాలుతుంది. తెల్లవారుజామున గంపలతో మనుషులు, మనుషులకంటే ముందు గుడ్డెలుగులు, దుప్పులు ఆ చెట్టుకింద చేరతాయి. పూలు ఏరడానికి వీలుగా కొందరు కిందపడ్డ ఆకులకు నిప్పుపెడతారు, అది ఒక్కోసారి అడవిలోకి పాకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ. బీడీ ఆకు కట్టలమీద వచ్చే నాలుగు డబ్బులే ఎన్నో ఇళ్ళకు వానాకాలం విత్తనాల ఖర్చు.

పక్కనే, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న ఏటూరునాగారం అభయారణ్యం. 2019 ఫిబ్రవరి దాకా ఆ సీమంతా భూపాలపల్లి జిల్లాలోదే. అడవిదున్నలు, కణుజులు, కొండగొర్రెలు, రేచుకుక్కలు, బెట్టుడుతలు దాని సంపద. గోదావరికి అవతల మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవులు. అటునుంచి పులులు నదిని ఈది వస్తుంటాయి. 2020 తర్వాత భూపాలపల్లి, ములుగు, మహబూబాబాదు అడవుల్లో పులి అడుగులు కనిపించాయన్న వార్త తరచూ వింటున్నాం. పులి వచ్చిందంటే భయం సహజమే. కాని పులి రాక ఒక సాక్ష్యం కూడా: తినడానికి జింక ఉంది, జింకకు గడ్డి ఉంది, గడ్డికి నీరుంది అని.

అయితే వచ్చిన పులి నిలుస్తుందా? అడవి పందుల కోసం వేసే ఉచ్చులు, కరెంటు తీగలు దానికి పందో పులో తెలియదు. మనిషీ తెలియదు. 2024 ఫిబ్రవరిలో కాటారం వైపు అడవిలో, జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి గాలింపుకు వెళ్ళిన ఒక గ్రేహౌండ్స్ జవాను ప్రాణాలు పోయాయి. తోడేలు పోయె, పందులు ముల్లె అన్న తాత మాట మళ్ళీ గుర్తొస్తుంది. వేటాడే జంతువు పోతే పంది పెరుగుతుంది, పంది పెరిగితే రైతు తీగ కడతాడు, ఆ తీగకు మనిషి చస్తాడు. గొలుసులో ఒక్క కడియం తెగితే ఇంత దూరం వస్తుంది.

ఒక్క సాయంత్రపు గాలి

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలి లాంటి పెనుగాలి వీచింది. కొద్దిసేపట్లో యాభై వేలకు తగ్గకుండా చెట్లు వేళ్ళతో సహా కూలాయి. అక్కడి నేలలో వేళ్ళు లోతుకు దిగకపోవడం ఒక కారణమని అటవీ అధికారులు చెప్పారు. అదే రాత్రి వానకు ఆకేరు ఊళ్ళమీదికి పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మూడు గదుల ఇల్లు అన్నానే, ఆ రాత్రి తుఫాను ఇంటినంతటినీ ఒకేసారి ఊపింది.

కూలిన చోట ఇప్పుడేం జరుగుతుంది? నీడ పోయి వెలుగు పడుతుంది. ముందు లేచేది గడ్డి. గడ్డి వెంట దుప్పి, దుప్పి వెంట చిరుత. నడుమ మొలకలు, వెదురు లేస్తాయి. ఏళ్ళమీద మళ్ళీ నీడ కమ్ముతుంది. అంటే కారడవికి కూడా లోపల కొంత బయలు కావాలి. అందుకే అభయారణ్యాల్లో అటవీశాఖ వాళ్ళే జింకల కోసం గడ్డిమైదానాలు పెంచుతున్నారు. అడవి లోపల గడ్డి పెంచుతూ, అడవి బయట ఉన్న గడ్డిని బంజరు అనడం ఏం న్యాయం?

మాటలోనే ఉంది చేటు

బంజరు, పోరంబోకు, బీడు. రెవెన్యూ దస్తావేజుల్లో ఈ మాటలకు అర్థం శిస్తు రాని నేల అని. శిస్తు రానిదంతా పనికిరానిదన్న భావం మన బుర్రల్లో కూడా నాటుకుంది. 2000లో కేంద్ర ప్రభుత్వం, మన హైదరాబాదులోని దూరసంవేదన సంస్థ కలిసి వెలువరించిన దేశపు బంజరు భూముల పటంలో పొదల నేలలు, రాతి నేలలు కూడా "వ్యర్థ భూమి" లెక్కలోకే వచ్చాయి. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో తీతువు గుడ్డు కనపడదు కదా!

ఈ మాట ఎంత పని చేస్తుందో తెలియాలంటే రోళ్ళపాడు కథ చాలు. అప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. మనిషి నడుము దాటే ఎత్తు, మోయలేనంత బరువుతోనూ ఎగరగల పక్షి అది. దానికి చెట్లు అక్కరలేదు, విశాలమైన గడ్డి కావాలి. చుట్టుపక్కల బీళ్ళు సాగునీటితో మారిపోతూ వచ్చాయి. ఇప్పుడక్కడ ఆ పిట్ట లేదు. దేశం మొత్తంమీద మిగిలినవి 150కి లోపే అంటున్నారు. చెట్టు నరికితే పదిమంది చూస్తారు, అడుగుతారు. గడ్డి పోతే ఎవరికీ కనిపించదు. బట్టమేక పిట్ట అలా కనిపించకుండానే పోయింది.

మరి జనగామ రైతుకు నీరు వద్దా? ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. బోరు ఎండి వలసపోయిన ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని ఈ మిట్టకు ఎక్కిస్తుంటే సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. పల్లపు నీరు మిట్టకు రావడం న్యాయమే. కాని నీరు రాని గుట్టమీద, సాగుకు రాని బండమీద ఉన్న గడ్డినైనా ఉండనిద్దాం. చెట్లు నాటాలన్న పట్టుదల మంచిదే. 2015లో మొదలైన హరితహారం ఎన్నో బాటలకు నీడనిచ్చింది. చెరువు కట్టమీద, బడి ఆవరణలో, బాటల పక్కన, కూలిన అడవిలో నాటుదాం. జానెడు చెల్కలో గుంతలు తవ్వి నీలగిరి నాటితే మాత్రం చెట్టూ సరిగా పెరగదు, గడ్డీ మిగలదు. సర్కారు తుమ్మ దానంతటదే కమ్మేస్తున్న చోట్లయితే, నాటడం కన్నా పీకడమే పుణ్యం. పైగా గడ్డి తన సంపదంతా మట్టి కిందే దాస్తుంది. మంట వచ్చినా పైన కాలేది కసవే, కింద వేరు భద్రం.

విద్యార్థులం మనమేం చేయగలం? పెద్ద పనులేమీ అక్కరలేదు. జీవశాస్త్రం చదివేవాళ్ళం మన ఊరి బీటి మీద ఏ గడ్డి, ఏ పిట్ట, ఏ పురుగు ఉన్నాయో ఒక ఏడాది రాసుకుందాం. తెలుగు చదివేవాళ్ళం గొర్రెల కాపరుల దగ్గర, కోయ పెద్దల దగ్గర ఆ పేర్లు సేకరిద్దాం. ఆ పేర్లు తెలిసిన తరం కరిగిపోతోంది, పేరు పోయిన పిట్టను వెతికేవాడు ఉండడు. గ్రామసభలో గుట్టను క్వారీకి ఇవ్వాలన్న మాట వచ్చిన రోజున ఆ పట్టిక చేతిలో ఉంటే, "ఇక్కడ ఇవి ఉన్నాయి" అని లేచి చెప్పగలం.

బమ్మెర పోతన పుట్టిందని, పాల్కురికి సోమనాథుడు నడిచిందని చెప్పుకునే నేల మా జనగామ మిట్ట. ఈసారి ఎవరైనా మిత్రుడు "మీ దగ్గరేముంది, రాళ్ళూ రప్పలేగా" అంటే నేనేం వాదించను. మృగశిర చినుకు పడ్డాక ఒక ఉదయం మా ఊరికి రమ్మంటాను. చెప్పులు చేతపట్టుకుని, తీతువు గుడ్ల మీద కాలు పడకుండా మెల్లగా నడవమంటాను. ఆ తర్వాత ఇద్దరం బస్సెక్కి భూపాలపల్లికి దిగుదాం.